రంగం యుద్ధంలో పోయిన చిన్నతాత జాడ ఎలా తీయాలి?

మీ చిన్నతాతగారు ఎలా బతికారో, ఎలా పోయారో తెలుసుకోవాలని మీరు అడిగారు. మీరు రాసిన దాంట్లో నాకు అందిన వివరాలు ఇవి. ఊరు చీపురుపల్లి దగ్గరి పల్లె. మీ తాతగారి తమ్ముడు పెళ్లయిన ఏడాదికే పటాలంలో చేరారు. "రంగం యుద్ధంలో పోయాడు" అని ఇంట్లో చెప్పుకుంటారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఆయన భార్యకు చాలా ఏళ్లు మనియార్డరు వచ్చేది. అక్షరాలు అరిగిపోయిన గుండ్రటి పతకం ఒకటి ఇప్పటికీ మీ ఇంట్లో ఉంది. కంప్యూటర్‌లో వెతికితే అదే పేరుతో చాలామంది కనిపించారు. వారిలో ఒకరు మన చిన్నతాతేనని మీ అన్నయ్య నిశ్చయించుకుని, శిలువ చెక్కిన ఆ సమాధి రాయి ఫోటో తెప్పించి ఫ్రేము కట్టించబోతున్నారు.

ముందు ఆ ఫ్రేము పని ఆపమనండి. మీది హిందూ కుటుంబమని మీరే రాశారు. హిందూ సిపాయి రాతి మీద శిలువ చెక్కరు. ఆయన మన ప్రాంతపు క్రైస్తవ సైనికుడు ఎవరో అయి ఉంటారు. ఆయన కోసం వెతికే మనవలు వేరే ఊళ్లో ఉండి ఉంటారు.

నేను సైన్యంలో రికార్డ్ ఆఫీసు క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కుటుంబాలకు ఇలాంటి వెతుకులాటలో సాయపడుతున్నాను. పేరు కలిసిందని మనిషి కలిశాడనుకోవడమే అందరూ పడే గోతి. అప్పన్న, అప్పలస్వామి, రాములు అనే పేర్లు మన పల్లెల్లో వీధికి నలుగురు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం రెండు లక్షల నుంచి 25 లక్షల దాకా పెరిగింది. పంజాబ్ తర్వాత ఎక్కువ మందిని పంపింది అప్పటి మద్రాసు రాష్ట్రమే. అందుకే నేను ఒక పట్టుదల పెట్టుకున్నాను. పేరు కాక ఇంకో రెండు వివరాలు, వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి, కలవాలి. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, సైనిక నంబరు, యూనిట్, చనిపోయిన తేదీ: వీటిలో ఏ రెండైనా సరే. అవి కలిసేదాకా దొరికిన మనిషిని "కావచ్చు" అనే అనాలి.

ఇక రంగం సంగతి. మన తీరప్రాంతం నుంచి రంగూన్‌కు పడవెక్కిన వారిలో సిపాయిల కంటే కూలీలు ఎన్నో రెట్లు ఎక్కువ. భీమిలి, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి రైసు మిల్లుల పనికి, ఓడరేవు పనికి తరాల తరబడి వెళ్లారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం వారి చేతికి చిక్కింది. ఆ కొద్ది నెలల్లో లక్షల మంది భారతీయులు కొండదారుల్లో నడిచి వచ్చారు, దారిలోనే పోయినవారు వేలల్లో ఉన్నారు. వారు కూడా ఇంటివాళ్ల మాటల్లో "రంగం యుద్ధంలో పోయినవారే". వారి పేర్లు ఏ సైనిక జాబితాలోనూ ఉండవు. మూడో దారి కూడా ఉంది. బర్మాలో, మలయాలో ఉన్న తెలుగువారు కొందరు ఆజాద్ హింద్ ఫౌజు (ఐ.ఎన్.ఏ.)లో చేరారు. వారి కోసం చూడవలసింది ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్న ఐ.ఎన్.ఏ. దస్త్రాలు. ఆ సంస్థ అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో సూచికలు, చాలా దస్త్రాల నకళ్లు పెట్టింది.

మీ చిన్నతాతగారు ఈ మూడింటిలో ఏ దారి అంటే, నా లెక్కలో సిపాయే. కారణం ఆ మనియార్డరు. కూలీగా పోయినవాని భార్యకు సర్కారు ఏళ్ల తరబడి డబ్బు పంపలేదు. అందుకే మీ వెతుకులాట లండన్ వెబ్‌సైట్లలో కాకుండా మీ ఇంటి అటక మీద మొదలవ్వాలి. ఆ చిన్ననాన్నమ్మ గారి ట్రంకుపెట్టె ఎవరి దగ్గరికి పోయింది? ఆవిడ పుట్టింటివారి దగ్గర కూడా అడగండి. భర్త పోయిన చిన్నవయసు స్త్రీలు చాలామంది పుట్టింటికి వెళ్లిపోయారు, కాగితాలూ వారితోనే వెళ్లాయి. ఈ ఒక్క మాట ఎవరికీ తట్టదు. మగవారి వైపు ఇళ్లన్నీ గాలించి, దొరకలేదని కూర్చుంటారు. పింఛను పుస్తకం, పింఛను ఉత్తర్వు, మనియార్డరు రసీదు ముక్క, మరణవార్త తెచ్చిన తంతి, చివరికి ఖజానా కార్యాలయం వారు రాసిన కార్డు, వీటిలో ఏది దొరికినా దాని మీద సైనిక నంబరు ఉండే అవకాశం ఉంది. నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే.

పతకం గురించి ఒక బతిమాలు. దాన్ని చింతపండుతో తోమకండి. అక్షరాలు అరిగిపోవడానికి ప్రతి పండక్కీ ఇంట్లో ఎవరో ఒకరు తోమడమే కారణమై ఉంటుంది. పేరు ముఖం మీద ఉండదు, అంచు మీద ఉంటుంది. చీకటి గదిలో టార్చిలైటును పక్కగా, బాగా వాలుగా పట్టి, అంచును కొంచెం కొంచెంగా తిప్పుతూ ఫోనుతో ఫోటోలు తీయండి. పల్చటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దినా అక్షరాలు తేలతాయి. వరుస ఎక్కువగా ఇలా ఉంటుంది: నంబరు, హోదా, పేరు, యూనిట్. హోదా, యూనిట్ పొడి అక్షరాల్లో ఉంటాయి. ఎస్.పి.ఆర్. అని ఉంటే సాపర్, అంటే ఇంజనీరింగు దళంవాడు. ఐ.పి.సి. అంటే ఇండియన్ పయనీర్ కోర్, రోడ్లు వేసే దళం. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే రవాణా, సరఫరా దళం. పతకానికి ఒకవైపు రాజు తల, రెండోవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉంటే అది వార్ మెడల్. భారతదేశ పటం ఉంటే ఇండియా సర్వీస్ మెడల్, దేశం లోపల చేసిన సేవకు ఇచ్చింది. ఈ రెండూ బర్మా సంగతి చెప్పవు. బర్మా వెళ్లాడని చెప్పేది ఆరు కోణాల నక్షత్రం, బర్మా స్టార్. 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 లోగా అక్కడ పనిచేసినవారికి ఇచ్చారు. నక్షత్రం ఇంట్లో లేదని ఆయన బర్మా వెళ్లలేదనుకోకండి. ఎన్నో కుటుంబాలకు పతకాలు అరకొరగానే అందాయి, అందినవి కొన్ని కంసాలి కొట్టుకు పోయాయి.

పెద్దవారిని అడిగేటప్పుడు "ఏ సంవత్సరం?" అని అడగకండి, చెప్పలేరు. జపాన్‌వాడు విశాఖ మీద బాంబులు వేసినప్పటికి ఆయన ఇంట్లో ఉన్నాడా, పటాలంలోనా అని అడగండి. ఆ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. విశాఖ నుంచి జనం పెట్టెబేడా సర్దుకుని పల్లెలకు పరుగెత్తిన రోజులు కనుక ఆ ఏడాది చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గుర్తే. పెద్దకొడుకు పుట్టక ముందా తర్వాతా, స్వాతంత్ర్యం వచ్చినప్పటికి ఆమె బొట్టు తీసేసిందా లేదా, ఇలా ఇంటి గుర్తులతో అడిగితే రెండేళ్ల తేడాలో తేదీ తేలుతుంది. ఆ తేడా చాలు. 1942 వేసవి ముందు పోయాడంటే వెనక్కి వచ్చే దారిలో, 1944 అంటే ఇంఫాల్, కోహిమా వైపు, 1945 అంటే తిరిగి బర్మాను పట్టుకునే దండయాత్రలో అని ఒక అంచనాకు రావచ్చు.

ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు. 1917లో పుట్టిన సంస్థ ఇది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్యపు సైనికుల వివరాలు వీరి దగ్గర ఉన్నాయి, వెతకడం ఉచితం. వీరి లెక్కలో రెండో యుద్ధం అంటే 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా. కాబట్టి యుద్ధం ముగిశాక మలయాలోనో జావాలోనో జ్వరంతో పోయినవారు కూడా ఉంటారు.

మీ అన్నయ్య గారు పేరు కొట్టి వెతికారు. మన వాళ్ల పేర్లతో ఆ పద్ధతి పనిచేయదు. పేరు రాసినవాడు మన భాష రాని గుమస్తా, చెప్పినవాడు చదువురాని కుర్రాడు. అప్పలస్వామి అనే పేరు ఒకచోట వి, ఇంకోచోట డబ్ల్యు, మరోచోట రెండు ముక్కలుగా, ఇంకెక్కడో తమిళం వారి పలుకుబడిలో అప్పలసామిగా ఉంటుంది. ఇంటిపేరు చాలామందికి ఉండదు. ఉంటే ఒక పొడి అక్షరంగానో, లేదా అదే అసలు పేరన్నట్టుగానో ఉంటుంది. నేను చేసేది వేరు. పేరు గడిని ఖాళీగా వదిలి, అదనపు సమాచారం అనే గడిలో ఊరి పేరో జిల్లా పేరో ఇస్తాను, దేశం దగ్గర భారత సైన్యం ఎంచుకుంటాను. చాలా నమోదుల్లో "ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా, భార్య ఫలానా" అని ఉంటుంది. మీకు కావలసిన ఆ రెండు వివరాలు అక్కడే దొరకవచ్చు.

కాని జిల్లా పేరు ఆ కాలానిది ఇవ్వాలి. చీపురుపల్లి ఇప్పుడు విజయనగరం జిల్లా. ఆ జిల్లా పుట్టింది 1979లో. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. 1940లలో మీ ఊరిది వైజాగపటం (Vizagapatam) జిల్లా, ఆ స్పెల్లింగుతోనే వెతకాలి. ఈ సమాధానం చదివే ఇతర జిల్లాలవారి కోసం కూడా చెబుతాను. పశ్చిమ గోదావరి ఏర్పడింది 1925లో. మొదటి యుద్ధంలో పోయిన ఏలూరు, తణుకు, నరసాపురం వారు కృష్ణా జిల్లాలో ఉంటారు, అదీ పాత స్పెల్లింగుతో (Kistna). ప్రకాశం 1970 దాకా లేదు, ఆ ఊళ్లు గుంటూరులోనో నెల్లూరులోనో కర్నూలులోనో వెతకాలి. ఇచ్ఛాపురం వైపువారు గంజాంలోనూ చూడాలి. కాకినాడ, విజయవాడ, ఏలూరు కూడా దొరల స్పెల్లింగులతోనే (Cocanada, Bezwada, Ellore) దొరుకుతాయి. ఊరి పేరు మొత్తం ఇవ్వకుండా మొదటి నాలుగైదు అక్షరాలే ఇచ్చి చూడడం మంచిది.

ఫలితం వచ్చాక స్మారకం పేరు చూసి కంగారు పడకండి. దహనం చేసిన వారికి, శవం దొరకని వారికి రాయి ఉండదు, గోడ మీదో స్తంభం మీదో పేరు ఉంటుంది. బర్మాలో సమాధి తెలియని వారి పేర్లు ఇప్పుడు యాంగాన్ అనే రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్ శ్మశానవాటికలోని రంగూన్ స్మారకం మీద ఉన్నాయి, సుమారు 27,000. మన వాళ్లు ఎక్కువగా కనిపించేది అక్కడే. దహనం జరిగినట్టు రికార్డు ఉన్నవారికి అదే ఆవరణలో వేరే స్మారకం ఉంది. ఇంఫాల్‌లో, కోహిమాలో కూడా దహన స్మారకాలు ఉన్నాయి. మలయాలో, సింగపూర్‌లో, జపాన్ చెరలో పోయినవారి పేర్లు సింగపూర్ క్రాంజి కొండ మీద 24,000 పైగా పేర్లతో ఉన్న స్మారకంలో చూడాలి. సింగపూర్‌లో లొంగిపోయిన భారత సైనికుల్లో చాలామందిని జపాన్‌వారు న్యూగినీ దీవులకు కూలిపనికి తరలించారు, అక్కడి లే (Lae), రబౌల్ అనే ఊళ్ల శ్మశానాల్లో కూడా మన వాళ్ల రాళ్లు ఉన్నాయి. నమోదులో "ఫేస్" అని అంకె ఉంటే రంగూన్ స్మారకపు స్తంభం ముఖం సంఖ్య, "కాలమ్" అని ఉంటే సింగపూర్ స్తంభం సంఖ్య. వెళ్లేవారెవరైనా ఉంటే ఆ అంకె ఇస్తే చాలు, ఫోటో తీసుకొస్తారు.

ఈ నమోదులో చనిపోయిన కారణం ఉండదు. తుపాకీ గుండు తగిలిందని ఇంట్లో చెప్పుకుంటారు, చాలాసార్లు అది తర్వాతి తరాలు అల్లుకున్నది. 1943లో బర్మా సరిహద్దులో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్కరికి జబ్బుపడి పంపినవారు 120 మంది. మలేరియా, విరేచనాలు, స్క్రబ్ టైఫస్ అక్కడ అసలు శత్రువులు. రోడ్లు వేసే పయనీర్లు, వంతెనలు కట్టే సాపర్లు వర్షాల్లో, దోమల్లో నెలలకొద్దీ పనిచేశారు. "జ్వరంతో పోయాడు" అని కాగితంలో కనిపిస్తే చిన్నబుచ్చుకోకండి. ఒక ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన నాతో పోట్లాటకు వచ్చాడు, నేనే ఏదో తగ్గించి చెప్పినట్టు.

నంబరు, యూనిట్ దొరికాక రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఇది నా పాత దుకాణం కనుక కొంచెం వివరంగా చెబుతాను. సైనికుల కాగితాలు ఢిల్లీలో ఒకచోట కుప్పగా ఉండవు, దళం వారీగా ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్ వాటికి నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ సాపర్లవి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, ఆ సిపాయిలను సైన్యమంతా తంబీలు అంటుంది, అందులో తెలుగు తంబీలూ చాలామంది. పయనీర్ కోర్‌కూ బెంగళూరే. ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, వైద్య దళానికి లక్నో. దేశవిభజనలో కొన్ని రెజిమెంట్లు అటు పోయాయి, మద్రాసువి చాలావరకు ఇక్కడే ఉండడం మన మేలు.

అక్కడ రెండు రకాల దస్తావేజులు ఉంటాయి. ఒకటి షీట్ రోల్: తండ్రి పేరు, ఊరు, తాలూకా, పుట్టుమచ్చలు, ఎత్తు, వారసుడు, వెళ్లిన చోట్లు, సెలవులు, శిక్షలు, అన్నీ అందులో ఉంటాయి. అది దొరికితే పండగే. కాని పింఛను లేనివారి షీట్ రోళ్లను 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేయడం నియమం, పింఛను ఉన్నవారివి ఇంకా ఎక్కువ కాలం ఉంచుతారు. అంత పాతవి మిగిలి ఉండే ఆశ తక్కువ. రెండోది లాంగ్ రోల్. భర్తీ అయిన ప్రతి మనిషికీ ఒక వరుస ఉండే పెద్ద రిజిస్టరు, దాన్ని ధ్వంసం చేయరు. నంబరు, పేరు, భర్తీ తేదీ, ముగింపు ఎలా జరిగిందీ దాంట్లో ఉంటాయి. అందుకే "మా తాత వివరాలు ఇవ్వండి" అని రాయకండి. "ఫలానా నంబరు గల ఫలానా సాపర్‌కు సంబంధించిన లాంగ్ రోల్ నమోదు నకలు ఇవ్వగలరు" అని రాయండి. మొదటి రకం ఉత్తరానికి గుమస్తా "దొరకలేదు" అని జవాబిచ్చేస్తాడు. రెండోదానికి లేచి వెళ్లి ఆ రిజిస్టరు తీయాలి.

మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తప్పు ఆఫీసుకు పంపినా సరైన చోటికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే. "రికార్డు లేదు" అని వస్తే మొదటి అప్పీలులో ధ్వంసం చేసిన తేదీ, దానికి సంబంధించిన ఉత్తర్వు అడగండి. ఆ ప్రశ్న పడ్డాక కాగితం బయటపడిన సందర్భాలు నాకు తెలుసు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి. అక్కడి పాత పింఛనుదారుల రిజిస్టర్లలో మీ చిన్ననాన్నమ్మ గారి పేరు ఉండవచ్చు, పక్కనే భర్త నంబరు, యూనిట్ కూడా.

తెలంగాణవారికి ఒక హెచ్చరిక. జాబితాల్లో "19వ హైదరాబాద్ రెజిమెంట్" కనిపించగానే మన వాళ్లే అని పొంగిపోకండి. ఆ పేరు నిజాం కాలపు పాత దళం నుంచి మిగిలింది, అందులో చేరినవారు ఎక్కువగా కుమావూ కొండలవారు, ఉత్తరాది జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మారింది. నిజాం రాజ్యపు సొంత సైన్యం వేరు. దాని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబర్‌లో మలయాలోని కోట బారు విమానాశ్రయం దగ్గర జపాన్ దాడికి ఎదురైంది. నిజాం రాజ్యపువారి కోసం ఆ పేరుతో చూడాలి.

తేదీ, యూనిట్ తెలిశాక ఆ రోజు ఆ యూనిట్ ఎక్కడుందో చెప్పేది వార్ డైరీ. ప్రతి యూనిట్ అధికారి రోజువారీగా రాసిన పుస్తకం అది. బర్మా, మలయా రంగాలవి లండన్ దగ్గర క్యూ అనే చోట బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలో డబ్ల్యు.ఓ. 172 అనే వరుసలో ఉన్నాయి, ఇటలీ వైపువి 170లో, మొదటి యుద్ధానివి 95లో. సిపాయి పేరు వాటిలో వెతకకండి. తెల్ల అధికారికి జలుబు చేస్తే పేరుతో రాస్తారు, నలుగురు సాపర్లు పోతే "నలుగురు" అని రాస్తారు. అయినా ఆ పేజీ విలువైనదే. ఆ వారం వాన పడిందా, ఏ నది మీద వంతెన కట్టారు, రాత్రి బాంబులు పడ్డాయా అన్నది తెలుస్తుంది. లండన్‌లో చదువుకునే మన పిల్లలెవరైనా ఉంటే ఒక పూట వెళ్లి ఫోనుతో ఫోటోలు తీసి పంపగలరు, అక్కడ అది ఉచితం.

ఇదంతా చావు గురించి. మీరు అడిగింది జీవితం గురించి. ఆయన పటాలంలో గడిపింది మహా అయితే మూడు నాలుగేళ్లు, ఊళ్లో గడిపింది ఇరవై. ఆ ఇరవై ఏళ్ల కాగితాలు మీ మండలంలోనే ఉన్నాయి, అవి ఎవరూ చూడరు. మీది జమీందారీ ప్రాంతం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఊరి భూములన్నీ కొలిచి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన రిజిస్టరు, తయారుచేశారు. దాని నకలు తహసీల్దారు కార్యాలయంలో అడగండి. మీ తాతగారి పేరున ఎంత భూమి ఉంది, చిన్ననాన్నమ్మ గారి పేరు "ఫలానావాని భార్య" అని ఎక్కడైనా ఉందా, ఉంటే ఆమెకు విడిగా భాగం ఇచ్చారా లేదా అన్నది తెలుస్తుంది. అన్నదమ్ములకు అరెకరం చొప్పున కూడా రాదని తేలితే ఆయన ఎందుకు పటాలానికి పోయాడో ఎవరూ చెప్పనక్కరలేదు. యుద్ధం మొదట్లో సిపాయి జీతం నెలకు 16 రూపాయలు, తిండీ బట్టా అదనం. జీతంలో కొంత భాగం నేరుగా ఇంటికి మనియార్డరుగా పంపే ఏర్పాటు ఉండేది. ఇంటికి చేరిన ఆ డబ్బుతో ఏం చేశారో కూడా అడగండి. ఎద్దుల జత కొన్నారా, అప్పు తీర్చారా, చెల్లెలి పెళ్లి చేశారా? ఈ ప్రశ్నకు పెద్దవాళ్లు వెంటనే జవాబు చెబుతారు.

పాత గ్రామ మునసబులు రాసిన జనన మరణాల రిజిస్టర్లు కూడా చూడవచ్చు. ఆయన మరణం అందులో ఉండదు, ఊళ్లో జరగలేదు కనుక. పుట్టుక ఉండవచ్చు, అదీ చాలాసార్లు పేరు లేకుండా "మగ శిశువు", తండ్రి పేరుతో. బడికి వెళ్లి ఉంటే పాఠశాల ప్రవేశాల రిజిస్టరు ఉంటుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ సైనికుల జ్ఞాపకాన్ని ఊరే మోస్తోంది, అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఒక్కడే వెళ్లిన మీ ఊరి లాంటి చోట్ల అంతా ఇంటి మీదే పడుతుంది. ఆయనతో కలిసి భర్తీ అయినవారు పక్క ఊళ్లలో ఉన్నారేమో విచారించండి. భర్తీ ఏజెంట్లు సంతల్లో గుంపులుగా ఎక్కించుకుపోయేవారు కనుక తోటివాని నంబరు మీ వాని నంబరుకు దగ్గరగానే ఉంటుంది. తోటివాడు బతికి వచ్చి ఉంటే అతని పింఛను కాగితాలు భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ, యూనిట్ పేరు అక్కడి నుంచి దొరుకుతుంది.

ఇదే ప్రశ్న మొదటి యుద్ధం గురించి అడిగేవారికి పని ఇంకా కష్టం. మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) పోయినవారికి కట్టిన బస్రా స్మారకం మీద 40,000కు పైగా మందిని స్మరించారు గాని, భారత సిపాయిల పేర్లు రాతి మీద చెక్కలేదు. యూనిట్ పేరు కింద ఎంతమంది అని అంకె వేశారు. అధికారుల పేర్లు మాత్రం ఉన్నాయి. ఇలాంటి అన్యాయాన్ని 2021లో కమిషన్ వారే తమ నివేదికలో ఒప్పుకున్నారు. అయితే వెబ్‌సైటులో వెతికితే ఆ సిపాయిల పేర్లు చాలావరకు వస్తాయి. ఆ యుద్ధంలో మన వాళ్ల కోసం సాపర్లు, పయనీర్లు, కర్ణాటిక్ ఇన్‌ఫాంట్రీ అనే పేర్లున్న దళాల్లో చూడాలి. 61వ పయనీర్లు 1914 నవంబర్‌లో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర దిగిన దళాల్లో ఒకటి. ఇంట్లో అరచేతి కంటే పెద్ద కంచు బిళ్ల, సింహంతో, పేరుతో, హోదా లేకుండా ఉంటే అది మొదటి యుద్ధంలో పోయినవారి కుటుంబాలకు ఇచ్చినది. దాన్ని పళ్లెం అనుకుని దేవుడి గదిలో పెట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ఇక స్వాతంత్ర్యం తర్వాత యుద్ధాల్లో పోయినవారి పేర్లు ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి, దాని వెబ్‌సైటులో రాష్ట్రం వారీగా చూడవచ్చు.

ఎంత వెతికినా మీ చిన్నతాతగారి పేరు కమిషన్ జాబితాలో లేకపోతే అక్కడితో అయిపోలేదు. చనిపోయింది ఆ తేదీల లోపల, సైన్యంలో ఉండగా, లేదా సైన్యంలో తగిలిన జబ్బుతో డిశ్చార్జి అయ్యాక అని కాగితాలతో చూపగలిగితే పేరు చేర్చమని వారిని కోరవచ్చు. ఇంటికొచ్చి క్షయతో పోయినవారు కూడా ఈ లెక్కలోకి రావచ్చు. దానికి లాంగ్ రోల్ నకలు, పింఛను ఉత్తర్వు ముఖ్యమైన ఆధారాలు.

ఒక మాట డబ్బు గురించి. ఈ కాగితాలు తెచ్చిపెట్టి "మాజీ సైనికుల భూమి" ఇప్పిస్తామని అడ్వాన్సు అడిగేవారు తిరుగుతున్నారు. ఇన్నేళ్లలో మనవళ్లకు అలా భూమి వచ్చిన ఇల్లు నేను ఒక్కటీ చూడలేదు. పైన చెప్పిన పనుల్లో దేనికీ మధ్యవర్తి అక్కరలేదు.

మీరిప్పుడు చేయవలసింది, పతకం అంచు ఫోటోలు ఇక్కడ పెట్టడం. వాటితో పాటు ఆయన తండ్రి పేరు, భార్య పేరు, ఆవిడ పుట్టింటి ఊరు రాయండి. అంచు మీద మొదటి రెండు మూడు అంకెలు, యూనిట్ పొడి అక్షరాలు కనిపించినా చాలు, ఏ రికార్డ్ ఆఫీసుకు ఏం రాయాలో ఉత్తరం నమూనా నేనే రాసిస్తాను. శిలువ రాయి ఫోటోను మాత్రం పారేయకండి. దాని మీది నంబరు, పేరు కూడా పెట్టండి, ఆ కుటుంబం ఎక్కడైనా వెతుకుతుంటే వారికి పనికొస్తుంది.